మాత్రకు మిల్లీగ్రాములు, ఇన్సులిన్‌కు యూనిట్లు ఎందుకు?

(అనంతపురంలో మెడికల్ షాపులోళ్లు, ఫార్మసీ చదివే పిల్లోళ్లు కలిసి పెట్టుకున్న ఆదివారం సభలో ఒక రిటైర్డ్ ఫార్మసీ లెక్చరర్ సార్ చెప్పిన మాటలు ఇవి. ఫోన్‌లో రికార్డు చేసుకుని, మాట తీరు మార్చకుండా టైప్ చేసినాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి ఇనపడుతోందా? ఇనపడకపోతే చెయ్యి ఎత్తండప్పా, నేను క్లాసులో అరిచి అరిచి అలవాటున్నోన్నే, మైకు లేకపోయినా నడుస్తాది.

మీరందరూ రోజూ పట్టుకునే సరుకుతోనే మొదలుపెడతా. పారాసిటమాల్ స్ట్రిప్ తిప్పి చూడండి, వెనకాల పారాసిటమాల్ టాబ్లెట్స్ ఐ.పి., అంటే ఇండియన్ ఫార్మకోపియా, అని ఉంటాది, కింద 500 ఎం.జి. అని ఉంటాది. అదే ఫ్రిజ్ తెరిచి ఇన్సులిన్ వయల్ తీస్తే దాని మీద మిల్లీగ్రాములు పెద్దగా కనపడవు, 40 ఐ.యు. పర్ ఎం.ఎల్. అని ఉంటాది. యూనిట్లు. ఎందుకప్పా, రెండూ మందులే గదా, ఒకదాన్ని తూకం వేసి అమ్ముతాం, ఇంకొకదాన్ని ఎందుకు అట్ల అమ్మం? నేను సర్వీసులో ఉన్నప్పుడు ఫైనలియర్ పిల్లోళ్లని అడిగితే కూడా సగం మంది పైకప్పు చూస్తాండ్రి. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని పోతే ఈరోజు చెప్పాల్సిందంతా దాంట్లోనే వస్తాది.

దానికి ముందు ఒక మాట. మన దగ్గర జనం "ఇది కెమికల్ సార్, అది నాచురల్" అంటాంటారు, మీ కౌంటర్ దగ్గర రోజుకు పది మంది అంటారు. ఇది వదిలేయండి. ప్రోటీన్ కూడా కెమికలే, నీళ్లు కూడా కెమికలే. రక్తపింజర విషం కంటే నాచురల్ ఏముంది చెప్పండి? 1828లోనే జర్మనీలో ఫ్రెడరిక్ వోలర్ అనే ఆయన ల్యాబులో యూరియా తయారుచేసినాడు, అంతకుముందు దాకా అది జీవుల ఒంట్లోనే పుడుతుంది, దానికి ఏదో ప్రాణశక్తి కావాలి అనుకుంటా ఉండిరి. కుండలో తయారైన యూరియా, మూత్రంలో వచ్చే యూరియా రెండూ ఒకటే. మన చేన్లకు వేసేది కూడా అదే యూరియానే. కాబట్టి నేను ఈరోజు చెప్పే తేడా కెమికల్‌కీ నాచురల్‌కీ మధ్య తేడా కాదు. చిన్న అణువుకీ, శానా పెద్ద అణువుకీ మధ్య తేడా. ఆ పెద్దది యాడ తయారవుతాది, ఎట్ల తయారవుతాది అనే తేడా.

ఎంత చిన్న, ఎంత పెద్ద? ఆస్పిరిన్ తీసుకోండి. 9 కార్బన్లు, 8 హైడ్రోజన్లు, 4 ఆక్సిజన్లు. మొత్తం 21 పరమాణువులు, అంతే. బోర్డు మీద ఎవరైనా గీయొచ్చు. అణుభారం 180. పారాసిటమాల్ 151, మెట్‌ఫార్మిన్ అయితే ఇంకా తక్కువ, 129. ఇప్పుడు ఇన్సులిన్ చూడండి. 51 అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్‌ను కట్టే చిన్న ముక్కలు, రెండు గొలుసులుగా ఉంటాయి, ఒకదాంట్లో 21, ఇంకొకదాంట్లో 30, మధ్యలో గంధకం లంకెలు. పరమాణువులు లెక్కేస్తే 788. అణుభారం 5,800 పైచిలుకు. అయినా ప్రోటీన్లలో ఇన్సులిన్ చిన్నపిల్ల లెక్క. క్యాన్సర్‌కి ఇచ్చే ట్రాస్టుజుమాబ్ లాంటి యాంటీబాడీ మందులు ఉన్నాయి గదా, యాంటీబాడీ అంటే పరాయిదాన్ని పట్టుకునే ప్రోటీన్, వాటి అణుభారం సుమారు లక్షా యాభై వేలు, పరమాణువులు ఇరవై వేల దగ్గర. దాన్ని బోర్డు మీద గీయమంటే గోడలు చాలవు.

ఇంత పెద్ద అణువులు ఉంటాయంటే మొదట్లో కెమిస్టులే నమ్మలేదు, తెలుసా. 1920లో హెర్మన్ స్టౌడింగర్ ఇవి పొడుగాటి గొలుసులు, చిన్న ముక్కలు ఒకదానికొకటి గట్టిగా కట్టుకుని ఉన్నాయి అని రాస్తే, కాదు కాదు చిన్న అణువులే గుంపుగా చేరినాయి, ఇంత పెద్ద అణువు ఉండేదానికి లేదు అని పెద్దపెద్దోళ్లే కొట్టిపారేసిరి. ఆయనకు నోబెల్ వచ్చేసరికి 1953 అయింది. ముప్పై మూడేళ్లు.

గొలుసు అన్నాక ముక్కలు ఏంటివి అనేది ఎంత ముఖ్యమో, అవి ఎట్ల కట్టుకున్నాయి అనేది అంతకంటే ముఖ్యం. జొన్న గింజలో పిండి ఉంది, జొన్న చొప్పలో సెల్యులోజ్ ఉంది, రెండూ గ్లూకోజ్ ముక్కలే, అచ్చంగా అదే గ్లూకోజ్. గింజలో లంకె ఒక పక్కకి తిరిగి ఉంటాది, చొప్పలో ఇంకో పక్కకి. ఆ ఒక్క మలుపుకే మనం రొట్టె తిని బతుకుతాం, చొప్ప తింటే బతకం. ఎద్దు బతుకుతాది, అది కూడా దాని సొంత గొప్ప కాదు, కడుపులో ఉండే సూక్ష్మజీవులు ఆ లంకెను తెంపి పెడతాయి.

సరే, ప్రోటీన్ల దగ్గరికి వస్తా, పెద్ద అణువుల మందుల్లో ఎక్కువ అవే గనక. ప్రోటీన్ ఊరికే దారం మాదిరి ఉండదు, మడత పడుతుంది. ఒక పద్ధతిగా మడత పడితేనే పని చేస్తాది. కోడిగుడ్డు పెనం మీద పగలగొడితే తెల్లసొన గట్టిపడుతుంది గదా, అక్కడ ఏం జరిగింది? అమైనో ఆమ్లాల గొలుసు తెగలేదు, బరువు మారలేదు, లోపల ఉండే మడతలు ఊడిపోయి గొలుసులన్నీ ఒకదానికొకటి చిక్కు పడిపోయినాయి. మల్లా చల్లార్చినా తెల్లసొన నీళ్లగా కాదు. ఫార్ములా అదే, తూకం అదే, పని మాత్రం పోయింది. ఆస్పిరిన్‌కి ఈ బాధ లేదు, దానికి విప్పేదానికి మడతే లేదు. ఎండకీ తేమకీ అదీ పాడవుతాది, కాదనను, పాత ఆస్పిరిన్ డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన కొడుతుంది, అది విరిగిపోతాంది అని గుర్తు. కానీ అది విరిగేది రెండే రెండు ముక్కలుగా, ల్యాబులో కనిపెట్టేది సులభం.

ఇప్పుడు మన ఊరు సంగతి. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు మనకు కొత్త కాదు. ఇన్సులిన్‌ను వాడకముందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలి అని రాసి ఉంటాది, వాడడం మొదలుపెట్టినాక చాలా రకాలకు రూమ్ టెంపరేచర్‌లో, అంటే 25, 30 డిగ్రీల లోపల, ఒక నాలుగు వారాలు అంటారు. మన రూముకు మే నెలలో ఆ టెంపరేచర్ యాడ ఉంటాది? పల్లెల్లో కొంతమంది బాగా ఉండాల అని ఫ్రీజర్‌లో పెడతారు, ఐస్ పక్కన. అది ఇంకా తప్పు. గడ్డకట్టిందంటే మడతలు పోయినట్టే, కరిగినాక చూస్తే నీళ్ల మాదిరే కనపడొచ్చు కానీ పని చేస్తాదనే నమ్మకం లేదు, పారేయాల్సిందే. ఫ్రిజ్ లేని ఇండ్లలో కుండ పద్ధతి బాగుంటాది, పెద్ద కుండలో తడి ఇసుక పోసి దాంట్లో చిన్న కుండ పెట్టి, ఆ చిన్న దాంట్లో వయల్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టేది. మన దగ్గర ఎండాకాలం గాలి పొడి గనక ఆవిరి బాగా లేస్తాది, కుండ బాగా చల్లబడుతుంది, సముద్రం పక్కన ఊర్లలో ఇంత బాగా పని చేయదు. కరువు గాలి మనకు పనికొచ్చేది ఈ ఒక్క దానికే అనుకుంటా.

మబ్బుగా ఉండే ఇన్సులిన్ ఉంది గదా, ఎన్.పి.హెచ్., దాన్ని అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించాల, దగ్గు సిరప్ మాదిరి ఊపకూడదు. ఊపితే నురగ వస్తాది. గాలి బుడగల అంచు దగ్గర ప్రోటీన్ మడతలు విప్పుకుంటాయి, తర్వాత ఒకదానికొకటి అతుక్కుంటాయి. సిరప్‌ను ఊపకపోతే తప్పు, దీన్ని ఊపితే తప్పు. కౌంటర్లో ఈ మాట చెప్పేదానికి అర నిమిషం కూడా పట్టదు.

మాత్రగా ఎందుకు ఇవ్వరు అని పేషెంట్లు అడుగుతాంటారు, సూది భయం ఎవరికి లేదు. కడుపులో యాసిడ్ ఉంది, పెప్సిన్ ఉంది, దాని తర్వాత ట్రిప్సిన్ ఉంది, వీటి పనే ప్రోటీన్‌ను ముక్కలు చేసేది. ఇన్సులిన్ మింగితే కడుపుకు అది మందని తెలీదు, పప్పో గుడ్డో వచ్చిందని అరగదీస్తాది. ఒకవేళ తప్పించుకున్నా పేగు గోడ దాటల్ల గదా, అంత పెద్ద అణువు దాటదు. క్రిస్టొఫర్ లిపిన్‌స్కీ అనే ఆయన 1997లో మింగే మందులను పరిశీలించి కొన్ని గుర్తులు చెప్పినాడు, దాంట్లో ఒకటి అణుభారం 500 లోపల ఉంటే మంచిది అని. ఆస్పిరిన్ 180, ఇన్సులిన్ 5,800, మీరే చూసుకోండి. షుగరుకు ఇచ్చే సెమాగ్లుటైడ్ మాత్ర వచ్చింది గదా సార్ అని ఫార్మసీ పిల్లోళ్లు అంటారు. వచ్చింది, 2019లో అమెరికాలో అనుమతి ఇచ్చినారు. 31 అమైనో ఆమ్లాల గొలుసు అది. పేగు దాకా పోకుండా కడుపు గోడలోంచే లోపలికి పోయేదానికి ఇంకొక పదార్థం తోడు కలిపినారు, అయినా మింగినదాంట్లో వందకు ఒక వంతు కూడా రక్తంలోకి చేరదు. అందుకే సూది అయితే వారానికి ఒక మిల్లీగ్రామ్ ఇస్తే, మాత్ర రోజుకు 14 మిల్లీగ్రాములు మింగాల. పరగడుపున, కొంచెం నీళ్లతో, తర్వాత అరగంట ఏమీ తినకుండా. అంత తంటా పడితే గానీ గేటు తెరుచుకోలేదు.

ఇంగ పాము సంగతి చెప్తా, ఇది మన జిల్లాలో అందరికీ తెలిసిన బాధ, వేరుశనగ పీకేటప్పుడు, రాత్రి మోటారు వేసేదానికి పోయినప్పుడు. పాము కరిచినోళ్ల బెడ్ పక్కన చిన్న అణువులూ పెద్ద అణువులూ ఎట్ల కలిసి పనిచేస్తాయో చూస్తే తేడా బాగా తెలుస్తాది.

విషం అనేది ముఖ్యంగా ప్రోటీన్లు, పెప్టైడ్లు, అంటే పొట్టి అమైనో ఆమ్లాల గొలుసులు. పెద్ద అణువుల సంత అది. రక్తపింజర, చిన్న పింజర విషాల్లో రక్తం గడ్డకట్టే పద్ధతిని చెడగొట్టేవి ఉంటాయి. ఆస్పత్రిలో చేసే పరీక్ష చూసినారా ఎవరైనా? కడిగి ఆరబెట్టిన గాజు ట్యూబులో కొంచెం రక్తం తీసి, కదిలించకుండా 20 నిమిషాలు నిలబెడతారు. తర్వాత ఒక్కసారి వంచుతారు. గడ్డ కట్టి ఉంటే కిందికి జారదు, నీళ్ల మాదిరి జారిందంటే విషం ఒంట్లో ఎక్కింది, విరుగుడు సూది మొదలుపెట్టాల. ట్యూబు గాజుదే ఉండాల, ప్లాస్టిక్‌ది అయితే రక్తం మామూలుగా ఉన్నా గడ్డ కట్టకపోవచ్చు, సోపు మిగిలి ఉన్నా తప్పు చూపిస్తాది. ఇంత చిన్న పరీక్ష, కరెంటు లేకపోయినా చేయొచ్చు.

ఆ విరుగుడు ఏంటిది? గుర్రానికి కొంచెం కొంచెం విషం ఎక్కిస్తా పోతే దాని రక్తంలో యాంటీబాడీలు తయారవుతాయి, ఆ ప్లాస్మా తీసి, శుద్ధి చేసి, పెప్సిన్‌తో కోసి పనికొచ్చే భాగం ఉంచుకుంటారు. 1890ల్లో ఫ్రాన్స్ ఆయన ఆల్బర్ట్ కాల్మెట్ మొదలుపెట్టిన దారి, ఇప్పటికీ ముఖ్యంగా అదే దారి. మన దేశంలో నాలుగు పాములకు కలిపి ఒకే మందు, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. లేబుల్ మీద ఏముంటాదో చూడండి, మందు ఇన్ని మిల్లీగ్రాములు అని కాదు, ఒక ఎం.ఎల్. మందు నాగుపాము విషం 0.6 మిల్లీగ్రాములు, రక్తపింజరది 0.6, కట్లపాముది 0.45, చిన్న పింజరది 0.45 విరగ్గొడుతుంది అని. అంటే మందు బరువు కాదు, మందు చేసే పనిని అమ్ముతాండారు. తెల్లపొడి రూపంలో ఎందుకు ఇస్తారంటే నీళ్లు తీసేసి పొడి చేస్తే మడతలు ఎక్కువ కాలం నిలుస్తాయి, పల్లె పీహెచ్‌సీలో కరెంటు పోయినా కొంత తట్టుకుంటాది. నీళ్లు కలిపి మెల్లగా తిప్పి కరిగించాల, ఇక్కడ కూడా ఊపకూడదు, కంగారులో ఊపేస్తారు, నురగ వస్తాది, ఆ నురగ తగ్గేదాకా టైం పోతుంది.

కానీ గుర్రం ప్రోటీన్ మన ఒంటికి పరాయిది. మన రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టేస్తాది, కొంతమందికి వెంటనే దద్దుర్లు, ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం. అందుకే ఏ ఆస్పత్రిలో అయినా ఆ బాటిల్ ఎక్కించే ముందే అడ్రినలిన్ సిరంజిలో తీసి పక్కన పెట్టుకుంటారు. అడ్రినలిన్ అణుభారం 183. చిన్న అణువు, నిమిషాల్లో పని చేస్తాది, దీన్ని పరాయిది అని ఒళ్లు పట్టించుకోదు, అంత చిన్నది. ఇంకా నాగుపాము కరిచి కనురెప్పలు వాలిపోతాంటే నియోస్టిగ్మిన్, అట్రోపిన్ కూడా ఇస్తారు, అవీ చిన్న అణువులే. అవి విషాన్ని ముట్టుకోవు, విషం అడ్డం పడిన నరం సిగ్నల్‌కు కొంచెం ఊతం ఇస్తాయి, అంతే. విషాన్ని పట్టుకునేది ఆ పెద్దదే. పెద్ద అణువుకు పెద్ద ఒంపు ఉంటాది, రక్తంలో తిరుగుతాండే విషం ప్రోటీన్ ఒంపుకు సరిగ్గా సరిపోయి అతుక్కుంటాది. 183 బరువున్న అణువుకు అంత చోటు యాడుంది అతుక్కునేదానికి?

ఇప్పుడు యూనిట్ల దగ్గరికి వస్తా. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చినారు, బాంటింగ్, బెస్ట్ వాళ్ల గుంపు. జంతువుల క్లోమం నుంచి పిండిన రసం అది. దాంట్లో అసలు ఇన్సులిన్ ఎంత, చెత్త ఎంత ఎవరికీ తెలీదు, దాని ఫార్ములా కూడా తెలీదు, ఫ్రెడరిక్ సాంగర్ అమైనో ఆమ్లాల వరస కనిపెట్టేసరికి 1950లు వచ్చినాయి, 1958లో నోబెల్ ఇచ్చినారు. తూకం వేస్తే ఏం లాభం? అందుకని కుందేలుకు పస్తు పెట్టి, మందు ఎక్కించి, రక్తంలో చక్కెర ఎంత పడిందో చూసి ఇంత పడితే ఒక యూనిట్ అని కట్టినారు. పని చూసి కొలత. ఇప్పుడు శుద్ధమైన ఇన్సులిన్ వచ్చింది, ఒక యూనిట్ అంటే 0.0347 మిల్లీగ్రామ్ అని తెలుసు, అయినా యూనిట్ పోలేదు. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్‌ను తూకం వేస్తే తూకం సరిగ్గానే వస్తాది గదా, పని మాత్రం చేయదు. తూకం నమ్మదగ్గ కొలత కాదు దీనికి.

ఇంగ ఇది మీ వ్యాపారానికి తగిలే భాగం. ఆస్పిరిన్‌ను 1897లో జర్మనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ శుద్ధంగా తయారుచేసినాడు. ఈరోజు హైదరాబాదు పక్కన ఫ్యాక్టరీలో తయారుచేసినా అవే 21 పరమాణువులు, అదే అమరిక. రెండు పదార్థాలు కలిపితే వచ్చేదే గదా, దారి మార్చినా చివర వచ్చేది అదే, అది అదేనని ల్యాబులో చూపించొచ్చు, రక్తంలోకి అంతే చేరుతోందని ఆరోగ్యంగా ఉండే వాలంటీర్ల మీద చూపిస్తే జెనరిక్ అయిపోతాది. 1970 పేటెంట్ చట్టం మందు పదార్థం మీద పేటెంట్ తీసేసింది గనక 2005 దాకా మన కంపెనీలు వేరే దారిలో అవే అణువులు తయారుచేసి ప్రపంచానికే అమ్మినాయి. దాని బలం అంతా ఒక్క మాట మీద ఉంది, అణువు అదే అని నిరూపించవచ్చు.

యాంటీబాడీకి ఆ మాట చెల్లదు. ఇరవై వేల పరమాణువులను ఏ ఫ్లాస్కులోనూ కట్టలేం, బతికున్న కణాలతోనే చేయించాల. చైనీస్ హ్యామ్‌స్టర్ అని ఒక చిట్టెలుక లాంటిది ఉంది, దాని అండాశయం నుంచి తీసిన కణాలు, వాటి లోపల మనిషి జన్యువు పెట్టి, పెద్ద ఉక్కు ట్యాంకుల్లో వారాల తరబడి పెంచి, అవి వదిలే ప్రోటీన్‌ను వడగట్టుకుంటారు. మనం పెరుగు తోడు వేసినట్టే. పాలు ఒకే ఆవువి అయినా మీ ఇంట్లో పెరుగు, పక్కింట్లో పెరుగు ఒకే మాదిరి ఉండవు, తోడు వేరు, గిన్నె వేరు, ఆ రోజు ఉక్క వేరు. ఏ కంపెనీ కణాలు ఆ కంపెనీవి, ఫ్రీజర్‌లో దాచుకుంటారు, ఎవరికీ ఇవ్వరు. ట్యాంకులో ఆక్సిజన్ కొంచెం మారినా, టెంపరేచర్ అర డిగ్రీ మారినా ప్రోటీన్ మీద కణం అతికించే చక్కెర గొలుసులు మారొచ్చు. అమైనో ఆమ్లాల వరస అదే ఉంటాది, పైన చక్కెరలు కొంచెం అటూఇటూ. ఒకే కంపెనీ ఒకే బ్యాచ్‌లో కూడా అణువులన్నీ అచ్చుగుద్దినట్టు ఉండవు, ఒక గుంపు ఉంటాది, ఆ గుంపు హద్దుల్లో ఉందా లేదా చూస్తారు.

అందుకే వీటి కాపీని జెనరిక్ అనరు, బయోసిమిలర్ అంటారు, మన దేశం గైడ్‌లైన్స్‌లో సిమిలర్ బయొలాజిక్ అని ఉంది, 2012లో వచ్చినాయి, 2016లో సవరించినారు. అసలు మందు పక్కన పెట్టి పదుల రకాల పరీక్షల్లో పోల్చి, చాలావాటికి పేషెంట్ల మీద కూడా పోల్చి చూపించాల. దీంట్లో మనవాళ్లు వెనకపడలేదు. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే హెపటైటిస్ బి టీకాను ఈస్ట్ కణాల్లో తయారుచేసి తక్కువ ధరకు తెచ్చింది. డాక్టర్ రెడ్డీస్ 2007లో రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ యాంటీబాడీకి తన రూపం తెచ్చింది, యూరప్‌లో యాంటీబాడీ బయోసిమిలర్లు వచ్చింది దాని తర్వాత ఎన్నో ఏండ్లకు.

ఇంత భయం ఎందుకు, కొంచెం తేడా ఉంటే ఏమవుతాది అంటారేమో. డయాలసిస్ పేషెంట్లకు ఇచ్చే ఎరిత్రోపొయిటిన్ కథ వినండి, ఈపీవో అంటాం గదా, ఎర్ర రక్తకణాలు పెరిగేదానికి. 1998లో యూరప్‌లో ఒక బ్రాండులో మందు అణువును మార్చలేదు, దాన్ని నిలబెట్టేదానికి కలిపే పదార్థాన్ని మార్చినారు. అంతకుముందు మనిషి రక్తంలోని ఆల్బుమిన్ కలుపుతాండ్రి, రక్తం నుంచి వచ్చే జబ్బుల భయంతో దాన్ని తీసేసి పాలిసార్బేట్ 80 అనే సోపు లాంటిది పెట్టినారు. చూసేదానికి మంచి పనే. తర్వాత కొంతమంది పేషెంట్లకు రక్తం తగ్గుతా పోయింది, మందు పెంచినా పెరగదు. చూస్తే వాళ్ల ఒళ్లు ఈపీవోకి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసింది. ఆ యాంటీబాడీలు మందుని కొట్టి ఊరుకోలేదు, వాళ్ల ఒంట్లో సొంతంగా పుట్టే ఈపీవోను కూడా కొట్టినాయి, ఎముకల మూలుగలో ఎర్రకణాల తయారీ దాదాపు ఆగిపోయింది. రక్తం ఎక్కించుకుంటా బతకాల్సిన స్థితి. 2002 దాకా కేసులు పెరుగుతా పోయినాయి. సిరంజి రబ్బరు మూతలోంచి ఆ సోపు పదార్థం ఏదో ఊరదీసింది అని ఒక వాదన, ప్రోటీన్లు గుంపులు కట్టినాయి అని ఇంకొకటి. మూతలు మార్చినారు, చర్మం కింద ఇచ్చేది ఆపి రక్తనాళంలో ఇచ్చినారు, కేసులు తగ్గినాయి. పారాసిటమాల్ మాత్రలో పిండి మార్చితే ఇట్లాంటిది జరగదు. చిన్న అణువుకు కూడా అలర్జీలు ఉన్నాయి, పెన్సిలిన్ ఉంది గదా, కానీ ఒంట్లో సొంత హార్మోను మీదికే ఒంటిని ఎగదోసేది ఈ పెద్దవాటి తరహా.

సరే, నేను ఎక్కువ మాట్లాడేస్తాండా. ప్రశ్నలు అడగండి.

(జన ఔషధిలో ఇచ్చే మందు బ్రాండు మందుతో సమానమా అని ఒక షాపాయన అడిగినారు.)

మెట్‌ఫార్మిన్, అమ్లోడిపిన్, అటార్వాస్టాటిన్ లాంటివి అయితే అణువు అదేనన్నా, క్వాలిటీ పరీక్ష పాసైన సరుకు అయితే భయపడేదానికి లేదు, పేషెంట్‌కు డబ్బులు మిగులుతాయి. థైరాయిడ్ మాత్రలు, ఫిట్స్ మందులు లాంటివి కొంచెం జాగ్రత్త, డోసు కొంచెం అటూఇటూ అయినా తేడా చేసేవి, పదే పదే బ్రాండు మార్చకుండా ఒకదాని మీదనే ఉంటే మేలు. ఇన్సులిన్ మాత్రం మీకై మీరు మార్చి ఇవ్వొద్దు. ఇన్సులిన్ మార్చకూడదని కాదు, మార్చొచ్చు, డాక్టరుకు చెప్పి, వారం రెండు వారాలు షుగర్ చూసుకుంటా మార్చాల. స్టాకు లేదు, ఇది తీసుకో, రెండూ ఒకటే అనే మాట ఇక్కడ వద్దు.

(40 యూనిట్ల వయల్‌కు 100 సిరంజి వాడితే ఏమవుతుందని ఒకమ్మ అడిగింది.)

మంచిది అడిగినావమ్మా. ఎర్ర మూత సిరంజి 40దానికి, నారింజ మూతది 100దానికి. 40 వయల్‌లోంచి 100 సిరంజితో 40 గీత దాకా తీసినావంటే అది 0.4 ఎం.ఎల్., దాంట్లో ఉండేది 16 యూనిట్లే. షుగర్ తగ్గదు. దీనికి తిరగబడితే, అంటే పెన్ను కార్ట్రిడ్జ్‌లో ఉండే 100 మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే, రెండున్నర రెట్లు ఎక్కువ పోతుంది, మనిషి పడిపోతాడు. మూత రంగు చూపించి ఇయ్యండి.

(చిన్న అణువుకూ పెద్ద అణువుకూ గీత యాడ గీస్తారు సార్ అని ఒక ఫార్మసీ అబ్బాయి అడిగినాడు.)

ప్రకృతి గీయలేదు నాయనా, చట్టం గీసుకుంది. అమెరికాలో ప్రోటీన్ అంటే 40 అమైనో ఆమ్లాల కంటే ఎక్కువ ఉండాల అని పెట్టుకున్నారు. ఇన్సులిన్‌కు 51 ఉన్నా పాత లెక్క ప్రకారం దాన్ని మామూలు డ్రగ్గుల కిందనే ఉంచినారు, 2020 మార్చిలో గానీ బయొలాజిక్, అంటే జీవుల నుంచి వచ్చే మందుల కిందికి మార్చలేదు, కనిపెట్టి దాదాపు వందేళ్లు అయినాక. మార్చినాకనే దానికి బయోసిమిలర్ దారి తెరుచుకుంది. సెమాగ్లుటైడ్ 31 అని చెప్పినాను గదా, లిరాగ్లుటైడ్‌కు కూడా దగ్గరదగ్గర అంతే, కాబట్టి అవి అక్కడ మామూలు డ్రగ్గులే. సూదితో ఇచ్చేవైనా, ఫ్రిజ్‌లో పెట్టేవైనా వాటికి వచ్చేది జెనరిక్. లిరాగ్లుటైడ్‌కు 2024లో అక్కడ జెనరిక్ వచ్చేసింది కూడా.